ఏమీ అనుకోరు కదా

బస్సు దిగుతుంటే కండక్టరు మొదలుపెట్టాడు.

“మేడమ్, ఏమీ అనుకోరు కదా. ఈ కాస్త దూరం రోజూ నడిస్తే ఒళ్లు దానంతటదే దిగుతుంది.”

టీచరమ్మ ఏమీ అనుకోలేదు. అనుకునే ఓపిక లేదు. పరగడుపున ఉంది, నడుము పీకేస్తోంది.

రక్తపరీక్షల సెంటరులో కుర్చీలన్నీ చేతులున్నవే, ఆమె పట్టదు. గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చుంది. అక్కడున్న పెద్దాయన జరిగి చోటిచ్చాడు. చోటుతోపాటు సలహా కూడా ఇచ్చాడు.

“ఏమీ అనుకోకమ్మా. రాత్రి తిండి మానెయ్యి. మా కోడలు అలాగే దారికొచ్చింది.”

“మానేశానండీ. ఏడాది దాటింది.”

“అయితే మధ్యలో ఏదో తింటున్నావు.”

ఇంట్లోనూ ఇదే తీర్పు.

రెండేళ్ల కిందటి దాకా ఆమె అందరిలాంటి మనిషే. ఉన్నట్టుండి ముఖం గుండ్రమైంది. మెడ వెనక కండ లేచింది. పొట్ట ముందుకొచ్చింది. చెయ్యి ఎక్కడ తగిలినా కమిలిపోతోంది. బడిలో పిల్లలు బెలూన్ టీచర్ అని పేరు పెట్టారు.

అత్తగారు చక్కెర డబ్బా అటకెక్కించింది. “నిన్నేమీ అనడం లేదమ్మాయ్. చీమలు పడుతున్నాయని పెట్టాను.”

భర్త ఆ మాత్రం కూడా అనలేదు. ఒకరోజు మాత్రం ఆమె స్నానం చేసి వచ్చేసరికి ఆమె సంచి వెతుకుతూ దొరికిపోయాడు.

“ఏం దొరికిందండీ?”

“చాక్‌పీసులు.”

“లెక్కపెట్టండి. అవి కూడా తింటున్నానేమో.”

డాక్టరు దగ్గర ఏ నొప్పికైనా ఒకటే మందు: ముందు బరువు తగ్గి రండి. బరువు తగ్గాలంటే నడవాలి. నడవాలంటే నొప్పి తగ్గాలి. నొప్పి తగ్గాలంటే మళ్లీ బరువు తగ్గాలి.

హెడ్మాస్టరు కూడా మర్యాదగానే చెప్పాడు. “వచ్చే ఏడాది మీ తరగతి పై అంతస్తుకు మారుతోంది. ఎక్కలేనంటే ముందే చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాం.”

ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, తన మాట నమ్మే మనిషి ఒక్కరూ లేరన్నదే ఆమెను తినేస్తోంది. పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు కూడా సన్నబడాలని అడగడం మానేసింది. ఒక్కరు నమ్మినా చాలునని అడుగుతోంది.

లోపల రక్తమిచ్చిన ఒకావిడ మోచేతి మడతలో దూది అదుముకుంటూ బయటికొచ్చింది. ఈనెపుల్లలా ఉంది. వాకిలి దాకా వెళ్లి ఆగింది. టీచరమ్మ ముఖం చూసింది, మెడ చూసింది, చేతి మీద కమిలిన మచ్చ చూసింది. వెనక్కి తిరిగి, రసీదులిచ్చే అమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ ఇటు చూశారు.

టీచరమ్మకు ఒళ్లు మండింది.

సన్నటావిడ వచ్చి పక్కనే కూర్చుంది.

“ఏమీ అనుకోరు కదా. మీతో ఒక్క మాట…”

“అనుకుంటాను.”

ఆవిడ తడబడింది. “అది కాదండీ. మీ ఒళ్లు ఇలా…”

“ఇలాగే ఉంది. మా ఇంట్లోనూ అద్దముంది. పొద్దున్నే నడవాలి, రాత్రి మానాలి, నోరు కట్టుకోవాలి. ఇంకేమైనా మిగిలిందా?”

“నేను చెప్పేది వేరే…”

“మీకేం తల్లీ. గట్టు మీద కూర్చుని ఎన్ని కబుర్లైనా చెప్పొచ్చు. నా బరువు నేను మోసుకుంటాను. మీరు దయచేయండి.”

గదిలో అందరూ ఇటే చూస్తున్నారు. పెద్దాయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

సన్నటావిడ లేచింది. “తప్పుగా అనుకోకండి,” అని వెళ్లిపోయింది.

చాలా రోజుల తర్వాత టీచరమ్మకు ప్రాణం హాయిగా అనిపించింది.

కొన్ని నెలలకు, వంటింట్లో నీళ్ల బకెట్టు ఎత్తబోతే ఆమె వెన్నుపూస విరిగింది.

పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే కన్నా ముందు ఆమె మెడను చూశాడు. రకరకాల పరీక్షలు చేయించి చెప్పాడు.

“ఇది తిండితో వచ్చిన ఒళ్లు కాదమ్మా. లోపల గ్రంథిలో చిన్న కంతి ఉంది. ఒళ్లు పెంచిందీ అదే, ఎముకల్ని గుల్ల చేసిందీ అదే. ఆపరేషన్ చేస్తే ఒళ్లు మెల్లగా దిగుతుంది. నడుమే మునుపటిలా కాదు. కాస్త ముందొచ్చి ఉంటే బాగుండేది.”

“తిరగని చోటు లేదండీ. ఒక్కరూ చెప్పలేదు.”

మంచం పక్కన భర్త తలదించుకున్నాడు. “నన్ను తిట్టు,” అన్నాడు.

“ఓపిక లేదండీ,” అంది.

ఆపరేషన్‌కు ముందు మళ్లీ రక్తం పరీక్ష కావాలన్నారు. నడుముకు పట్టీతో, భర్త భుజం పట్టుకుని పాత సెంటరుకే వచ్చింది. రసీదులిచ్చే అమ్మాయి కంగారుగా లేచింది.

“అయ్యో, ఏమైందండీ?”

టీచరమ్మ చెప్పింది. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది.

“ఆవిడ ఇదే అంది. మీకు నేనైనా చెబుదామనుకున్నాను. మీ కోపం చూసి నాకు నోరు రాలేదు.”

“ఎవరావిడ?”

“ఆ రోజు మీరు కసిరారే, ఆ సన్నటావిడ. అదే ఆవిడ చేయించుకోవలసిన ఆఖరి పరీక్ష. మళ్లీ రాలేదు.”

“ఒళ్లు తగ్గించుకోమని చెప్పడానికొచ్చిందే, ఆవిడా?”

“కాదండీ. ఆపరేషన్‌కు ముందు ఆవిడ మీకన్నా లావు. ఆ రోజు మిమ్మల్ని చూసి, ‘పాపం, ఈమెకూ నా జబ్బేలా ఉంది, తిండి వల్ల కాదంటే ఇంట్లో ఒక్కరూ నమ్మి ఉండరు, నేను నమ్ముతానని చెప్పొస్తా’నని నాతో అనే వచ్చి మీ పక్కన కూర్చుంది.”