వెనక తలుపు దగ్గరి మనిషి

ఆ రోజు జనవరి పదిహేడు. సైన్సు ప్రదర్శన మైదానంలో మధ్యాహ్నం పిల్లలందరూ బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. పిచ్చుక మాత్రం తన గుడ్డులోని పచ్చసొన పక్కవాడికిచ్చి, వాడి తెల్లసొన లాక్కుంది.

పిచ్చుక అంటే తొమ్మిదో తరగతి పిల్ల. గాలేస్తే ఎగిరిపోయేంత సన్నం. అమ్మా నాన్నా లేరు. ఉన్నది అమ్మమ్మ ఒక్కతే.

ఆ అమ్మమ్మ దాన్ని వీధి చివరికి కూడా ఒంటరిగా పంపదు. సైన్సు మాస్టారు స్వయంగా ఇంటికెళ్లి బతిమాలారు.

"తిరిగి తెచ్చి మీ చేతిలో పెట్టే పూచీ నాదమ్మా."

"దానికేమన్నా అయితే నాకింకెవరూ లేరు నాయనా," అని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది ముసలమ్మ.

సాయంత్రం తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. మాస్టారూ పిల్లలూ వెనక తలుపు దగ్గర ఇరుక్కుని నిలబడ్డారు.

బస్సు కొండ మీది ఊళ్లో ఆగింది. నలుగురు దిగారు. తలుపు ధడాలున పడింది. బస్సు మళ్లీ కదిలింది.

అప్పటిదాకా సీట్లో కూర్చున్న ఓ లావుపాటి మనిషి, అందరినీ తోసుకుంటూ వచ్చి, ఒక చేయి వెనక్కి పెట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మాస్టారూ, పిల్లల్ని ముందుకి జరపండి."

"ఎక్కడికి జరపను? చోటెక్కడుందో చూపించండి," మాస్టారికి చిర్రెత్తింది. "హాయిగా కూర్చున్నవారు లేచి వచ్చారు. మీరు జరిగితే మాకు కాస్త ఊపిరాడుతుంది."

ఆయన జరగలేదు. టికెట్లకి వచ్చిన కండక్టరుకి చెవిలో ఏదో చెప్పి పంపేశాడు.

"సార్, ఈయన నిశ్చలస్థితిలో ఉన్న వస్తువు," గుసగుసలాడాడు ఒక గడుగ్గాయి. "బాహ్యబలం పనిచేస్తే తప్ప కదలడు."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ మనిషీ నవ్వాడు.

"నీ బలం చాలదులే బాబూ," అన్నాడు.

కొండ దిగుడు మొదలైంది. మలుపు మీద మలుపు. పిల్లలు అటూ ఇటూ ఒరుగుతూ కేరింతలు కొడుతుంటే మాస్టారికి హుషారొచ్చింది.

"బస్సు కుడికి తిరిగితే మనం ఎటు ఒరుగుతున్నాం?"

"ఎడమకి! తలుపు వైపుకి!"

"మిమ్మల్ని ఎవరు తోశారు?"

"వీడే సార్!"

"నేను కాదు సార్, వాడే!"

"ఎవరూ తోయలేదు సార్," అంది పిచ్చుక. "మన ఒళ్లు తిన్నగా పోదామనుకుంటోంది. బస్సే పక్కకి తిరుగుతోంది."

"శభాష్! అదే జడత్వం. వచ్చే మలుపులో ఒక్క క్షణం కడ్డీ వదిలి చూడండి, పుస్తకంతో పనిలేకుండా తెలిసిపోతుంది."

"వదలొద్దు!" అరిచాడు ఆ మనిషి.

పిచ్చుక అప్పటికే వదిలేసింది. మలుపులో రివ్వున వచ్చి ఆయన పొట్టకి గుద్దుకుంది. ఆయన ఖాళీగా ఉన్న చేత్తో ఒక్క నెట్టు నెట్టాడు. పిల్ల వెళ్లి మాస్టారి మీద పడింది.

"ఏమండీ, పసిపిల్లని అలాగేనా తోసేది?"

"కడ్డీ పట్టుకోమనండి మాస్టారూ. పాఠాలు బడిలో చెప్పుకోవచ్చు."

పిల్లల ముందు ఆ మాట అనేసరికి మాస్టారి ముఖం మాడిపోయింది.

"నా పిల్లల్ని నేను చూసుకుంటాను. మీ పని మీరు చూసుకోండి."

"అదే చూసుకుంటున్నాను," అన్నాడాయన. ముఖమంతా చెమట.

ఆ తర్వాత మాస్టారు ఆయన వైపు చూడలేదు.

కింద బస్టాండులో కండక్టరు అందరినీ ముందు తలుపు నుంచే దింపాడు. లావుపాటి మనిషి అందరికన్నా ఆఖర్న దిగాడు. మాస్టారికి ఎదురుపడి, చేయి విదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

"ఎంత పొగరు!" అనుకున్నారు మాస్టారు.

అమ్మమ్మ అప్పటికే వచ్చి ఉంది. మనవరాలిని తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుని, మాస్టారి రెండు చేతులూ పట్టుకుంది.

"చల్లగా ఉండు నాయనా. అన్నమాట నిలబెట్టుకున్నావు. నా ప్రాణాన్ని తెచ్చి నాకిచ్చావు."

"అంత మాటెందుకమ్మా," అన్నారు గానీ, మాస్టారి మనసు నిండిపోయింది.

పిల్లలందరూ ఇళ్లకి వెళ్లాక, ప్రదర్శనకి పట్టుకెళ్లిన చెక్కబండి నమూనా బస్సులో మరిచిపోయామని గుర్తొచ్చి మాస్టారు వెనక్కి వచ్చారు. కండక్టరు ఒక్కడే ఉన్నాడు. వెనక తలుపు పిడికి తాడు చుడుతున్నాడు.

"తలుపు కడుతున్నావేంటి?"

"గడియ ఊడిపోయింది సార్. కొండ మీద ధడాలున వేశారు చూశారా, అప్పుడే."

మాస్టారు పక్కనున్న కడ్డీ పట్టుకున్నారు.

"మరి... కొండంతా ఎలా దిగాం?"

"ఆ లావుపాటాయన పిడి పట్టుకునే వచ్చాడుగా! నేను పట్టుకుంటానంటే వినలేదు. 'నువ్వు గాలికే పడిపోతావు, నా ఒళ్లు ఇవాళైనా ఓ పనికొస్తుంది' అన్నాడు. పిల్లలు బెదిరి ఒక పక్కకి ఎగబడతారు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. పాపం, వేళ్లు కొంకర్లు పోయాయి."

మాస్టారు గబగబా కిందకి దిగి రోడ్డు దాకా వెళ్లారు. ఇటు చూశారు, అటు చూశారు. ఎవరూ లేరు.

ముసలమ్మ పట్టుకోవాల్సిన చేతులు తనవి కావు.

మెల్లగా తిరిగొచ్చారు.

"ఆయనది ఈ ఊరేనా? ఇల్లెక్కడో తెలుసా? పొద్దున్నే వెళ్లి కలుస్తాను."

"ఈ ఊరు కాదు సార్, ఆయన ఆ కొండ మీది ఊళ్లోనే దిగాల్సింది. లేచి వస్తూ ఊడిన గడియ చూసి ఉండిపోయాడు," అంటూ కండక్టరు చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి, ఆ రాత్రికి ముడి వేశాడు.