అడగకుండా పట్టిన రక్తం

కామారెడ్డి నర్సింగ్‌హోమ్‌లో ఆ సాయంత్రం రెండు కాన్పులు జరిగాయి. రేపు జబ్బు చేస్తే పనికొస్తుందని, బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచిపెట్టమని ఒక షావుకారు కోడలు అలా దాచే కంపెనీకి ముందే డబ్బు కట్టింది. ఆ రక్తం నింపిన సంచి నర్సు నిరోష చేతిలో చిరిగి నేలపాలైంది. ఉద్యోగం పోతుందన్న భయంతో, గాంధారి తండా నుంచి వచ్చిన మంగ్లి కాన్పులో, ఆమెను అడగకుండానే బొడ్డుతాడు రక్తం వేరే సంచిలో పట్టి, దాని మీద షావుకారు కోడలి పేరు రాసింది.

చీకటి పడ్డాక వార్డులోంచి మంగ్లి పిలిచింది.

"సిస్టరమ్మా, పోరడు ఏడుస్తలేడు, కండ్లు మూస్తలేడు. ఆ బీరువ దిక్కే చూస్తుండు. ఏమున్నదమ్మా అండ్ల?"

"ఏం లేదు. మందులు."

రక్తం సంచి ఉన్న పెట్టె అందులోనే ఉంది. సిగ్గుతో మంగ్లి ముఖం చూడలేక, నిరోష పెట్టెను తీసి కిటికీ దగ్గర పెట్టింది. వెనక్కి తిరిగితే, పుట్టి మూడు గంటలైనా కాని పిల్లాడి తల కిటికీ వైపు తిరిగి ఉంది.

బయట కంపెనీ కొరియర్ బండి హారన్ మోగింది. పెట్టె ఇచ్చేసి, బండి చప్పుడు అణిగేదాకా నిరోష గేటు దగ్గరే నిలబడింది. లోపలికొచ్చేసరికి మంగ్లి నవ్వుతోంది.

"ఇప్పుడు నిన్నే చూస్తుండమ్మా. నువ్వంటే మస్తు పాయిరం వానికి. జర ఎత్తుకో."

నిరోష చేతులు ముందుకు రాలేదు.