పైనుంచి వచ్చిన పక్షికి పది చేపలు

చలిగాలి మొదలవగానే ముసలి గూడబాతు కొండలూ వాగులూ దాటుకుంటూ చెరువుకి చేరింది. రెక్కలు పీకేస్తున్నాయి, కడుపు కాలిపోతోంది. నీళ్ళలో ముక్కు పెట్టబోతుంటే చెరువు మధ్య తుమ్మచెట్టు మీంచి కొంగ కేకేసింది.

“ఆగాగు! వేటకి లైసెన్సు కావాలి. ఈ చెరువు పక్షులకైతే ఒక చేప. పైనుంచి వచ్చినవాళ్ళకి పది.”

“పోయినేడు లేదే ఇది!”

“ఈ ఏడు పెట్టుకున్నాం.”

“నేను పుట్టింది ఇక్కడే నాయనా. నువ్వు కూచున్న ఆ కొమ్మ మీదే మా అమ్మ గూడు కట్టింది.”

“పుడితే సరిపోదమ్మా, ఏడాది పొడుగునా ఉండాలి.”

“ఎండాకాలం ఇందులో చుక్క నీరుండదు. నువ్వంటే గేదెల వెంట తిరిగి పురుగులేరుకుని బతుకుతావు. నేనేం తినను?”

“అదంతా నాకెందుకు? ముందు నా పది పట్టు, తర్వాత నీ ఇష్టం.”

వాదించే ఓపిక గూడబాతుకి లేదు. ఒక్కో చేపనీ పట్టి, మింగకుండా గొంతుసంచిలో దాచి, పదీ తెచ్చి చెట్టు కింద మిట్ట మీద కక్కింది. అప్పటికి పొద్దుగూకింది.

“చీకట్లో చేప కనపడదు. నా తిండి రేపు పట్టుకుంటాను,” అంది నీరసంగా.

“రేపటికి మళ్ళీ పది,” అంది కొంగ, చేపని మింగుతూ.

గూడబాతు తడి రెక్కలు విప్పింది.

“ఎక్కడికి పోతావు? ఏ చెరువుకెళ్ళినా నువ్వు పైదానివే!”

“తెలుసు. కానీ అక్కడెవరూ నేను పుట్టిన కొమ్మ మీద కూచుని ఆ మాట అనరు.”