కట్టి విడిచిన శాలువా

"అది నా శాలువా!"

కోడలి అరుపుకి, అనాథ శరణాలయం ముందుగదిలో కుర్చీలో కునుకు తీస్తున్న అత్తగారు ఉలిక్కిపడి లేచింది.

వీధి గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. కాళ్ళకి బురద బూట్లు. భుజాల చుట్టూ నీలం శాలువా.

"నీ శాలువా ఈవిడ ఒంటిమీదికి ఎలా వస్తుందే? దేశం కాని దేశం! ఇక్కడ నీలం శాలువాలకి కరువా?"

"మూలన పిచ్చుకని చూడండి అత్తయ్యా. నేను కుట్టిందే. ఒక కన్ను కుట్టడం మర్చిపోయాను కూడా."

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది. నిజమే. ఒంటికన్ను పిచ్చుక!

దత్తతకి అర్జీ ఒప్పుకున్న రోజునే ఈ శరణాలయం వాళ్ళు కబురు చేశారు. పెంచుకోబోయే తల్లి కట్టి విడిచిన గుడ్డ ఏదైనా పంపండి, ఉతకొద్దు, పక్కలో వేసి పడుకోబెడితే పిల్లకి మీ వాసన అలవాటవుతుంది అని.

కోడలు ఆ శాలువాని వారం రోజులు ఒంటిమీంచి తీయలేదు. "మురికి గుడ్డ పరాయి దేశానికి పంపుతారటే? మన పరువేం కాను!" అని అత్తగారు సణుగుతూనే ఉంది. సణుగుతూనే పార్సెల్ కట్టి పంపింది.

అంత పట్టుదల ఎందుకంటే, వాళ్ళకిది రెండో ప్రయత్నం. పిల్ల తనంతట తాను వచ్చి చంకెక్కితేనే అప్పగిస్తారు ఇక్కడ. కిందటిసారి వేరే ఊళ్ళో ఒక బాబు వీళ్ళని చూడగానే గుక్కపట్టి ఏడ్చాడు. ఎంత బతిమాలినా రాలేదు. ఉత్త చేతులతో ఇంటికెళ్ళారు. ఈ పిల్ల కూడా కాదంటే ఇక నావల్ల కాదని కోడలు మొగుడికి ముందే చెప్పేసింది.

అలాంటి శాలువాని ఈవిడెవరో దర్జాగా కప్పుకు తిరుగుతోంది!

"చలికి పనికొస్తుందని నొక్కేసింది. పిల్లకి నా వాసనే తెలీదు. ఇక నా దగ్గరికి ఎలా వస్తుందండీ?" అంది కోడలు మొగుడితో.

"నువ్వుండు," అని మొగుడు లేచాడు. వీళ్ళ భాష తెలిసిన దుబాసీ పెద్దాయన మేడ మీద శరణాలయం పెద్దావిడ దగ్గర ఉన్నాడు. దాంతో మొగుడు శాలువా వైపు వేలు చూపించి, ఇదేమిటన్నట్టు చెయ్యి తిప్పాడు.

ఆ మనిషి నవ్వింది. తన భుజాలు తడుముకుని, లోపలి గదివైపు చూపించి, ఏదో చెప్పింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందట! పైగా నవ్వొకటి," అంది అత్తగారు.

కోడలు ఇక ఆగలేదు. శాలువా కొంగు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"నడు. పోలీసుల్ని పిలవకముందే నడు!" మొగుడు వీధివైపు వేలు చూపించాడు.

పోలీసు అనే మాట ఎక్కడైనా అర్థమవుతుంది. ఆ మనిషి మొహంలో నవ్వు చచ్చిపోయింది.

కోడలు గబగబా శాలువా కప్పుకుంది. ఆ మనిషి చెయ్యి చాపి, ముడత పడ్డ అంచుని ఆమె భుజం మీద సర్దబోయింది. కోడలు ఆ చేతిని విదిలించికొట్టింది.

అప్పుడే లోపల చిన్న చిన్న అడుగుల చప్పుడు.

అది వినగానే ఆ మనిషి గిరుక్కున తిరిగి, వీధిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

"తప్పు చేసినవాళ్ళ కాళ్ళు నిలబడతాయా మరి!" అంది అత్తగారు.

తలుపు తోసుకుని రెండేళ్ళ పిల్ల వచ్చింది. మొగుణ్ణి చూసి పెదవి విరిచింది. అత్తగారు "రా నా బంగారం" అంటే రెండడుగులు వెనక్కి వేసింది. అయిపోయింది, మళ్ళీ ఉత్త చేతులే అనుకుంది కోడలు.

పిల్ల చూపు శాలువా మీద పడింది.

అంతే, తిన్నగా వచ్చేసింది. శాలువాలో మొహం దాచుకుని, ఎత్తుకోమని చేతులు చాపింది.

"నా వాసన గుర్తుపట్టిందండీ! ఆ మహాతల్లి కాజేసేలోపే నా వాసన పట్టేసింది నా తల్లి!" కోడలు ఏడుస్తూ నవ్వింది. మొగుడు కళ్ళు తుడుచుకున్నాడు. అత్తగారు మాత్రం ఎందుకో శాలువా వైపే చూస్తూ ఉండిపోయింది.

పెద్దావిడ, దుబాసీ మేడ దిగి వచ్చారు. కోడలి చంకలో పిల్లని చూసి పెద్దావిడ సంతోషపడింది. తర్వాత గదంతా చూసి ఏదో అడిగింది.

"శాలువా కప్పుకొచ్చినావిడ ఏదీ అంటున్నారు," అన్నాడు దుబాసీ.

"ఆ దొంగమొహందా? తరిమేశాం. పోలీసుల్ని పిలవకపోవడం మా మంచితనం," అన్నాడు మొగుడు.

దుబాసీ ఆ మాట నసుగుతూ పెద్దావిడకి చెప్పాడు. పెద్దావిడ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వీధి చివర బస్సు మలుపు తిరుగుతోంది. అక్కడే నిలబడి చాలాసేపు మాట్లాడింది.

"దొంగతనం కాదమ్మా," అన్నాడు దుబాసీ. " కప్పుకోమని వీళ్ళే ఇచ్చారట. మీ పార్సెల్లో సబ్బు వాసన తప్ప ఏ వాసనా లేదట. పిల్ల విసిరికొట్టిందట."

"సబ్బేమిటి? నేను ఉతకనే లేదే!"

అత్తగారు నేలచూపులు చూసింది. "నేనేనే... నలుగురిలో పరువు పోతుందని... రెండుసార్లు జాడించి ఆరేశాను."

కోడలు శాలువా అంచు ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. పాలు, కట్టెల పొగ, ఎవరిదో చెమట. తనది కాదు.

"మరి... పిల్ల ఎవరనుకుని నా దగ్గరికొచ్చింది? ఎవరావిడ?"

దుబాసీ మిగతాది చెప్పాడు.

"పొత్తిళ్ళలో ఉన్నప్పుడే శరణాలయం నుంచి ఇంటికి తీసుకెళ్ళి పెంచిన తల్లి అమ్మా. పిల్ల మీతో రావాలంటే తన మొహం కాదు, ఈ శాలువా గుర్తుండాలని, దీన్ని మొహం మీదికి లాక్కునే జోకొట్టేదట. ఇవాళ పిల్లని ముందే లోపల దించి, తన చేత్తో దీన్ని మీకు కప్పి, పిల్ల కంటపడకుండా వెళ్ళిపోదామని వచ్చిందట."