బియ్యం డబ్బాలో వెల్లుల్లి

అన్నంలో పురుగు వచ్చింది.

బస్సు డ్రైవర్ గిల్‌హో దాన్ని చెంచాతో గిన్నె అంచుకి నెట్టి, పక్కవాళ్ళందరికీ చూపించాడు.

కొరియాలో గున్సాన్ ఊరి బస్సు డిపో ఎదురుగా మిన్‌సూక్ నడిపే చిన్న హోటల్ అది. సోయా మొలకల సూపు, అన్నం, కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ కిమ్చి. పొద్దున్నే డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లంతా అక్కడే తింటారు. వాళ్ళు తప్ప ఆ హోటల్‌కి వేరే దిక్కు లేదు.

మర్నాడు ఒక్కడూ రాలేదు.

ఏళ్ళ తరబడి 'పిన్నీ, ఇంకొంచెం అన్నం' అని చనువుగా అడిగి తిన్నవాళ్ళు, ఒక్క ముక్కుపురుగుకి మొహం చాటేశారు. డిపో వెనక వీధిలో హక్‌చోల్ హోటల్‌కి వెళుతున్నారని తెలిసింది.

ఆ పేరు వింటేనే మిన్‌సూక్‌కి మంట. ఆమెని చూసి అదే సూపు, అదే కిమ్చి పెట్టుకు కూర్చున్నాడు. ఆ వీధిలో ఆమె అడుగు కూడా పెట్టదు.

ఆ మధ్యాహ్నం ముసురులో తడుస్తూ ఒక ముసలావిడ వచ్చింది. సూపు తాగింది. అడక్కుండానే వంటింట్లోకి నడిచి, బియ్యం డబ్బా మూత తీసి వాసన చూసింది.

"పొయ్యి పక్కన పెడతారటే బియ్యం? ఇంత వెచ్చగా ఉంటే నేనైనా ఇందులోనే కాపురం పెడతాను."

పొద్దుట్నుంచి ఏడుస్తున్న మిన్‌సూక్‌కి నవ్వొచ్చింది.

మర్నాడు వాన వెలిసింది. మిన్‌సూక్ మొగుడు తేషిక్ మేడమీద ఎండలో చాప పరిచి బియ్యం పోయబోయాడు. ముసలావిడ చాప కొస పట్టుకుని నీడలోకి లాగింది. ఎండకి గింజ పగిలిపోతుంది, అన్నం జావైపోతుంది, గాలి తగిలే నీడలో పల్చగా పోస్తే పురుగులే వాటి దారిన అవి పోతాయి అని చీవాట్లు పెట్టింది. డబ్బాని వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిపించి, బాగా ఆరనిచ్చి, చల్లటి మూలకి జరిపించింది. బియ్యంలో వెల్లుల్లి గడ్డలూ ఎండుమిరపకాయలూ గుచ్చింది.

"నా బియ్యానికి దిష్టి తీస్తున్నావా అవ్వా?"

"దిష్టి తగిలేంత బేరం నీకెక్కడుందే? ఇది పురుక్కి."

అప్పట్నుంచి రోజూ, డ్రైవర్లు తినే వేళ దాటాక, మధ్యాహ్నం వచ్చేది. బియ్యం కడిగిన నీళ్ళు సింకులో నిలవ ఉంచితే చిన్న ఈగలు ముసురుతాయని, పని అయ్యాక మరిగిన నీళ్ళు పొయ్యమని నేర్పింది. ఎక్కడుంటావంటే అవతలి వీధి అనేది. కిమ్చిలో ఉప్పెక్కువైతే మొహమ్మీదే చెప్పేది. ఆవిడ రాని రోజు మిన్‌సూక్‌కి తోచేది కాదు.

వారం తిరక్కుండా డ్రైవర్లు మళ్ళీ వచ్చారు. అన్నం కెలికి కెలికి చూసుకుని తిన్నారు. పురుగు లేదు. తన సూపు రుచే వాళ్ళని లాక్కొచ్చిందని మిన్‌సూక్ పొంగిపోయింది. అవ్వతో అంటే, మరే అంది.

ఆకులు రాలే కాలం వచ్చింది. అవ్వ గింకో చెట్ల కింద రాలిన పసుప్పచ్చటి ఆకులు ఏరి, ఆరబెట్టి, ఉల్లిపాయల వల సంచుల్లో నింపి తెచ్చింది. ఫ్రిజ్ వెనకా అలమరల కిందా పెట్టి, ఈ వాసనకి బొద్దింక గడప తొక్కదంది. ఆ చెట్టు పండు మాత్రం తేలేదు. ఆ కంపుకి డ్రైవర్లు కూడా తొక్కరంది.

రెండు హోటళ్ళకీ మొలకలు వేసే ఆవిడ ఒకరోజు అవ్వని గుమ్మంలో చూసి ఆగిపోయింది. ఈవిడ హక్‌చోల్ వంటింట్లో ఉండాలే, ఇక్కడేం చేస్తోందని మిన్‌సూక్ చెవిలో వేసింది.

"హక్‌చోల్ నీకేమవుతాడు?" మిన్‌సూక్ అడిగింది.

"కొడుకు."

దాచలేదు, తడబడలేదు.

మిన్‌సూక్‌కి ఒళ్ళు తెలియలేదు. సూపులో ఏమేం పడుతోందో కనిపెట్టిపోవడానికే వచ్చావంది. ఆ పురుగు ఎవరు పంపితే వచ్చిందో అని కూడా అనేసింది. వల సంచులన్నీ లాగి వీధిలోకి విసిరింది.

అవ్వ వంగి ఒక్కో సంచీ ఏరుకుంది.

"వెల్లుల్లి మాత్రం తియ్యకే. ఎండిపోతే మారుస్తుండు."

అంతే. మళ్ళీ రాలేదు.

ఆవిడ అడుగుపెట్టాక పురుగన్నదే లేదుగా అని తేషిక్ గొణిగాడు. ఆ పూట అతనికి చల్లారిన సూపు దొరికింది. మిన్‌సూక్ వెల్లుల్లి తియ్యలేదు. ఎండిపోతే మార్చింది కూడా.

చలి ముదిరాక ఒక పొద్దున్న హోటల్ బోసిపోయింది. గిల్‌హో ఒక్కడే నల్లకోటు వేసుకుని వచ్చి, హక్‌చోల్ వాళ్ళమ్మ పోయింది, అందరం అక్కడికే వెళుతున్నామన్నాడు.

మిన్‌సూక్ పొయ్యి ఆర్పేసింది.

తెల్లచామంతుల మధ్య ఫొటోలో అవ్వ నవ్వుతోంది. మిన్‌సూక్ వంగి నమస్కరించి చాలాసేపు లేవలేదు. తర్వాత, చావుకి వచ్చినవాళ్ళకి భోజనం పెట్టే బల్ల దగ్గర గిల్‌హో పక్కన కూలబడింది. హక్‌చోల్ స్వయంగా వేడి సూపు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మీ అమ్మ నా దగ్గరికి వచ్చేదని మీకు తెలుసా?" తల ఎత్తకుండానే అడిగింది.

"తెలియకేం. నా బేరమంతా మోసుకెళ్ళి మీకిచ్చిందిగా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఆమెకి అర్థం కాలేదు.

నీకు చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టు వేయించుకుంది పిన్నీ అని గిల్‌హో మెల్లగా మొదలుపెట్టాడు.

పురుగు వచ్చిన ఆ వారం, కొడుకు హోటల్ గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుని, "మిన్‌సూక్ బియ్యం నా చేత్తో నేను చూశాను, శుభ్రంగా ఉంది, పోయి అక్కడ తినండి" అని వచ్చిన ప్రతి డ్రైవర్నీ వెనక్కి పంపింది ఆవిడే.