మూడు ఆటలకే

సుందర్ రాజ్ రిమోట్‌ని సోఫా మీదకి విసిరికొట్టాడు. తన అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో బంతి విసిరే కొత్త కుర్రాణ్ణి, క్వార్టర్‌బ్యాక్‌ని, మూడు ఆటలకే పక్కన పెడుతున్నానని టీవీలో కోచ్ చెబుతున్నాడు.

"బుద్ధుందా వీళ్ళకి? ఇరవై రెండేళ్ళ పిల్లాడు! వాడికి అడ్డం నిలబడాల్సినవాళ్ళలో ఒక్కడూ నిలబడలేదు. విసిరితే పట్టుకునేవాడు లేడు. వాణ్ణి తిడితే ఏం లాభం?"

పక్కన కూర్చున్న లెవి తలూపాడు. వచ్చినప్పటినుంచీ అతను జాకెట్ కూడా విప్పలేదు.

"టీమ్‌ని మళ్ళీ కట్టాలంటే మార్చాల్సింది ముసలి ప్లేయర్లని. కుర్రాడికి రెండేళ్ళు టైమ్ ఇవ్వాలి. తప్పులు చెయ్యకుండా ఎవడు నేర్చుకున్నాడు?" కోచ్ మొహం మళ్ళీ కనపడగానే సుందర్ రాజ్ లేచి నిలబడ్డాడు. "ముందు నువ్వు దిగరా!"

లెవి కూడా లేచాడు. జేబులోంచి తాళాలు తీసి టీపాయ్ మీద పెట్టాడు.

"చర్చి కీస్, అంకుల్. కమిటీ చైర్మన్‌కి ఇచ్చేయమన్నారు. మీకే కదా."

సుందర్ రాజ్ మొహం ఎర్రబడింది. "నిన్ను తీసెయ్యాలన్నది అందరం కలిసి తీసుకున్న నిర్ణయం. పాస్టర్‌గా వచ్చి మూడు ఆదివారాలైంది, నీ తెలుగు ప్రసంగం ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆట వేరు, చర్చి వేరు!"

"మీరు ఎప్పుడు విన్నారు అంకుల్?" అన్నాడు లెవి, తలుపు తీస్తూ. "మూడు సండేలూ సర్వీస్ టైమ్‌కి మీరు ఈ సోఫాలోనే ఉన్నారు."