మబ్బులమ్మ నీహారిక

తన నీహారిక ఉన్న గాజు ఫొటో ప్లేటు ముక్కలుముక్కలై నేల మీద పడి ఉండటం చూసి మబ్బులమ్మ కెవ్వుమంది.

అబ్జర్వేటరీలో అందరూ వెనకాల ఆవిణ్ణి పిలిచే పేరది. ఆకాశంలో మబ్బుల్లా కనిపించే నీహారికలతోనే ఆవిడ జీవితమంతా గడిచింది. పేరు తెచ్చింది మాత్రం ఒక్కటే. అది ఆ పాత ప్లేటు మీద తప్ప మళ్లీ ఎవరికీ కనపడలేదు. దాన్ని వెలిగించే నక్షత్రం మసకబారింది కాబట్టి అదీ మరుగైందని ఆవిడ వాదన. అసలు అలాంటిదే లేదని గడ్డం ప్రొఫెసరు వాదన. అచ్చు బొమ్మలు చాలవు, అసలు ప్లేటే భూతద్దం కింద పెట్టి చూస్తానని ఈ ఉదయమే దిగబడ్డాడు.

భర్త చీపురు పట్టుకొచ్చాడు. ఆ రోజుల్లో ఫొటోలు తీసి, డార్క్‌రూములో ప్లేట్లు కడిగింది ఆయనే.

"ఊడ్చారంటే ఊరుకోను! అతికిస్తాను."

"చెయ్యి తెగుతుందే..."

"తెగనివ్వండి!"

బల్ల మీద ముక్కలు పేర్చింది. మధ్యలో ఖాళీ మిగిలింది.

"నా నీహారిక ఉన్న ముక్కే లేదు! ఇది జారిపడటం కాదు, దొంగతనం." గిర్రున ప్రొఫెసరు వైపు తిరిగింది. "జేబుల్లోవి తియ్యండి!"

"నాకేం ఖర్మ మేడమ్? చూడ్డానికొచ్చినవాణ్ణి, పగలగొట్టి ఏం బావుకుంటాను?"

"చూస్తే ఓడిపోతారుగా! మీటింగు మీటింగుకీ నన్ను నవ్వులపాలు చేశారు. తియ్యండి!"

ప్రొఫెసరు జేబులు బోర్లించాడు. కళ్లజోడు, చేతిరుమాలు, సగం కొరికిన బిస్కెట్టు.

"మింగేశారేమో, ఎవరికి తెలుసు! పోలీసుల్ని పిలుస్తాను. మీ ఉద్యోగం ఊడేదాకా నిద్రపోను."

ఫోను అందుకున్న ఆవిడ చెయ్యి భర్త పట్టుకున్నాడు.

"వద్దు. పెట్టెయ్."

"మీరెప్పుడూ ఇంతే! ఎదుటివాడు నెత్తికెక్కి తొక్కుతున్నా నోరు మెదపరు."

"మెదపకపోవడమే తప్పయింది."

చొక్కా జేబులోంచి గాజు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరా? కట్టుకున్న మొగుడై ఉండి నా నోట్లో మట్టి కొట్టారా?"

"ఆయన భూతద్దం పెడితే తెలిసిపోతుందని భయపడ్డాను."

"ఏం తెలిసిపోతుంది?" అరిచింది.

ఆయన తల దించుకున్నాడు.

"నీ నీహారిక తడి ప్లేటు మీద పడ్డ నా బొటనవేలి ముద్రే."